బాహా దారిలో హౌస్ బ్యాటరీల వేట

మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పాన్ని పైనుంచి కిందిదాకా కలిపే పెద్ద రోడ్డు ఒక్కటే. 1973లో పూర్తయిన ఒకటో నంబరు హైవే. అమెరికా సరిహద్దులోని తిహువానాలో మొదలై, సుమారు 1,700 కిలోమీటర్ల తర్వాత కాబో సాన్ లూకాస్‌లో ఆగుతుంది. ఒకవైపు పసిఫిక్, ఇంకోవైపు కోర్తెస్ సముద్రం, మధ్యలో ఎడారి. ఫిబ్రవరిలో నేను, మావారు, అత్తయ్యగారు, మామయ్యగారు మా ఆర్వీలో, అంటే పడక, వంటగది లోపలే ఉన్న బండిలో, ఈ దారి పట్టాం. బయలుదేరింది తిమింగలాల కోసం. అవి కనిపించాయి కూడా. కానీ ఏ ఊళ్లో ఆగాలో, ఎక్కడ పడుకోవాలో నిర్ణయించింది మాత్రం మెట్టు కింద ఉన్న, బండిలోని ఇంటిని నడిపే రెండు బ్యాటరీలే. ఆర్వీ వేసుకుని దేశం దాటాలనుకునే తెలుగు కుటుంబాలకు పనికొస్తుందని ఆ సంగతులే ఎక్కువగా రాస్తున్నాను.

ఆదివారం: టెకాటే నుంచి సాన్ క్వింటీన్

తిహువానా రద్దీ వద్దనుకుని టెకాటేలో సరిహద్దు దాటాం. అత్తయ్యగారు, మామయ్యగారివి ఇండియన్ పాస్‌పోర్టులు. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మెక్సికోకు వేరే వీసా అక్కర్లేదు, టూరిస్టు పర్మిట్ తీసుకుంటే చాలు. బాహా వరకే వెళ్తే బండికి తాత్కాలిక దిగుమతి పర్మిట్ కూడా అవసరం లేదు. ఇన్సూరెన్స్ మాత్రం మెక్సికోది కొనుక్కోవాల్సిందే, అమెరికా పాలసీని అక్కడ గుర్తించరు.

గ్వాదలూపే లోయలో ద్రాక్షతోటల మధ్య నుంచి దిగి, ఎన్సెనాడా దాటి, చీకటి పడకముందే సాన్ క్వింటీన్ చేరాం. బాహాలో రాత్రిపూట బండి నడపకూడదు. రోడ్డు ఇరుకు, అంచు దాటితే నేరుగా గుంట, పైగా ఆవులు రోడ్డు మీదకి వచ్చేస్తాయి.

ఆర్వీ అలవాటు లేనివాళ్లకు మా కరెంటు ఏర్పాటు చెప్పాలి. బండిలో రెండు వేర్వేరు బ్యాటరీ వ్యవస్థలుంటాయి. ఇంజిన్ స్టార్ట్ చేసేది బానెట్ కింద ఉంటుంది. ఇంటిని నడిపేవి, అంటే హౌస్ బ్యాటరీలు, లోపలికి ఎక్కే మెట్టు కింద ఉంటాయి. లైట్లు, నీళ్ల పంపు, హీటరు ఫ్యాను, గ్యాస్ అలారం అన్నీ వీటి మీదే. ఫ్రిజ్ గ్యాస్‌తో నడుస్తున్నా దాని కంట్రోల్ బోర్డుకు 12 వోల్టులు అందాల్సిందే. మావి గోల్ఫ్ కార్టుల్లో వాడే ఆరు వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు. రెండింటిని సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపితే 12 వోల్టులు, 225 యాంపియర్ అవర్లు (కరెంటు దాచుకునే సామర్థ్యం లెక్క). బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు దాంతోపాటు వచ్చినవే. ఆర్వీలు ఆపుకునే పార్కులో కరెంటు ఉంటే దాన్ని 12 వోల్టులకు మార్చే కన్వర్టర్, రోడ్డు మీద ఇంజిన్ ఆల్టర్నేటర్, ఎండలో పైకప్పు మీది 200 వాట్ల సోలార్ ప్యానెల్ వాటిని ఛార్జ్ చేస్తాయి.

మెక్సికో కరెంటు 127 వోల్టులు, 60 హెర్ట్జ్. అమెరికా పరికరాలకు ఇబ్బంది లేదు. కానీ పార్కుల్లో వైరింగ్ ఎలా ఉంటుందో చెప్పలేం. బండి ప్లగ్గు పెట్టేముందు మామయ్యగారు చిన్న సాకెట్ టెస్టర్‌తో ఫేజు, న్యూట్రల్, ఎర్త్ చూశారు. ఎర్త్ లేదు. పక్క స్తంభం దగ్గర ఉంది, అక్కడికి మారాం. ఆయన కరెంటు డిపార్టుమెంటులో సబ్ ఇంజినీరుగా రిటైరయ్యారు. సబ్‌స్టేషన్‌లో పనిచేసిన రోజుల్లో బ్యాటరీ గది ఆయన చూపులోనే ఉండేది. లైన్లో కరెంటు పోయినా బ్రేకర్లు పడాలంటే ఆ బ్యాటరీలే దిక్కు. రెండేసి వోల్టుల సెల్స్ వరసగా పేర్చి, వాటి గ్రావిటీ రీడింగులు, అంటే లోపలి యాసిడ్ నీళ్ల కంటే ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకెలు, రిజిస్టరులో రాసేవారట. ఆ అలవాటు ఈ యాత్రలో మాకు ఎంత అవసరపడుతుందో ఆ సాయంత్రానికి ఇంకా తెలియదు.

సోమవారం: కటవీన్యా

ఎల్ రొసారియోలో ట్యాంకు నింపుకున్నాం. దాని తర్వాత సుమారు 320 కిలోమీటర్ల వరకు పెట్రోలు బంకును నమ్ముకోకూడదు. మధ్యలో కటవీన్యాలో డబ్బాల్లో పోసి అమ్మేవాళ్లు కనిపిస్తారు. మొబైల్ సిగ్నల్ ఉండదు. బండి ఆగిపోయినవాళ్లకు సాయం చేయడానికి 'ఆంహెలెస్ వెర్దెస్' పేరుతో ప్రభుత్వ ఆకుపచ్చ ట్రక్కులు తిరుగుతాయి. 1960 నుంచి నడుస్తున్న సేవ అది, నంబరు 078. సిగ్నల్ ఉన్నచోటే ఆ నంబరు రాసి పెట్టుకోవడం మంచిది.

కటవీన్యా దగ్గర ఎడారి పూర్తిగా మారిపోతుంది. ఇళ్లంత గ్రానైట్ బండలు ఒకదాని మీద ఒకటి దొర్లి ఉంటాయి. వాటి మధ్య కార్డోన్ కాక్టస్‌లు, ఆకాశంలోకి సన్నగా సాగిన సీరియో చెట్లు. హంపి చూసినవాళ్లకు బండలు కొత్త కాదు, ఆ చెట్లు మాత్రం కొత్త. బండల పక్కన కరెంటు, నీళ్లు లేని చోట ఆగాం. సాయంత్రం లోపలి బ్యాటరీ మీటర్ 12.5 వోల్టులు చూపించింది. రోజంతా ఇంజిన్ నడిచాక అంతే ఉండటం కొంచెం తక్కువే.

ఎడారిలో రాత్రి చలి గట్టిగా ఉంటుంది. హీటరు గ్యాస్‌దే అయినా దాని ఫ్యాను ఏడెనిమిది యాంపియర్లు లాగుతుంది. తెల్లవారుజామున ఫ్యాను శబ్దం సన్నబడి లేచాను. లైటు వేస్తే ఎర్రగా వెలిగింది. మీటర్ 10.8 చూపించింది. ఫ్రిజ్ ఎర్రర్ చూపిస్తోంది. దుప్పట్లు సర్దుకుని తెల్లారేదాకా గడిపాం.

225 యాంపియర్ అవర్ల బ్యాంకులో సగం వాడుకోవచ్చు. హీటరు ఫ్యాను రాత్రంతా ఆగుతూ నడుస్తూ ఉన్నా నలభై యాంపియర్ అవర్లు మించదు. అంటే బ్యాటరీలు నిండకపోయి ఉండాలి, లేదా నిండినా నిలబెట్టుకోలేకపోతూ ఉండాలి. ఈ రెండింటిలో ఏదో తేల్చకుండా కొత్తవి కొంటే డబ్బు పోతుంది, సమస్య అలాగే ఉండిపోతుంది. టెర్మినళ్లు చూశాం. ఒకదానికి పచ్చటి చిలుము పట్టింది. వైరు బ్రష్‌తో గీకి బిగించాం. అది కారణమైతే బాగుండునని అందరికీ అనిపించింది.

మంగళవారం: గెర్రెరో నెగ్రో

28వ అక్షాంశ రేఖ దగ్గర పెద్ద మెక్సికో జెండా కనిపిస్తుంది. అక్కడితో ఉత్తర బాహా అయిపోయి దక్షిణ బాహా మొదలవుతుంది. గడియారం గంట ముందుకు జరపాలి. వ్యవసాయ తనిఖీవాళ్లు నిమ్మకాయలు తీసేసుకుని, బండి చక్రాలకు మందు కొట్టారు. అక్కడి నుంచి గెర్రెరో నెగ్రో దగ్గరే. ఊరు చుట్టూ కనుచూపు మేర ఉప్పు మడులు. సముద్రపు నీటిని ఎండబెట్టి ఉప్పు తీసే చోట్లలో ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఇదొకటి. నౌపడ ఉప్పు మడుల పక్కన పెరిగిన అత్తయ్యగారు ఇక్కడి కుప్పల్ని చూసి చాలాసేపు కిటికీ దగ్గరే ఉండిపోయారు.

కరెంటున్న పార్కులో ఆగి ప్లగ్గు పెట్టాం. కన్వర్టర్ హోరుమని మొదలైంది. రాత్రంతా ఛార్జ్ అయితే పొద్దున్నకి సంగతి తేలుతుందనుకున్నాం.

అర్ధరాత్రి గ్యాస్ అలారం మోగింది. లోపల కుళ్లిన గుడ్ల వాసన. వంట గ్యాస్‌కు కలిపే వాసన కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది కాబట్టి, ముందు గ్యాస్ లీకనే అనుకోవాలి, ఇంకేమీ ఆలోచించకూడదు. మామయ్యగారు గట్టిగా చెప్పారు: "ఒక్క స్విచ్చు కూడా ముట్టుకోకండి. ముందు అందరూ దిగండి." దిగాం. మావారు బయటి నుంచే గ్యాస్ ట్యాంకు వాల్వు కట్టేశారు. తలుపులు తెరిచే ఉంచాం. కాసేపటికి వాసన తగ్గింది, అలారం ఆగింది. మళ్లీ మొదలైంది. వాల్వు కట్టేసి ఉన్నా ఎందుకు మోగుతోంది?

మామయ్యగారు మెట్టు మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశారు.

"అమ్మాయ్, వాసన స్టౌ దగ్గర్నుంచి కాదు. ఇక్కడ్నుంచి. బ్యాటరీ ఉడుకుతోంది. ముందు కరెంటు తీయించు, అక్కడ స్తంభం దగ్గర."

బండికి దూరంగా ఉన్న స్తంభం దగ్గర బ్రేకర్ దించి, ప్లగ్గు తీశాను. అతిగా ఛార్జ్ అవుతున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్, దాంతోపాటు హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తాయి. ఆర్వీల్లో గ్యాస్ అలారం నేలకు దగ్గరగా, తరచుగా ఆ మెట్టు పక్కనే ఉంటుంది. బ్యాటరీ గ్యాస్‌కు కూడా అది మోగుతుంది. హైడ్రోజన్‌కు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది, అందుకే బ్యాటరీ పక్కనే ఉన్న స్విచ్చు తిప్పకుండా దూరం నుంచి కరెంటు తీయించారు. అలారం ఊరికే మోగుతోందని వైరు పీకేసి పడుకునేవాళ్లుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ రాత్రి మమ్మల్ని లేపింది అదే.

బుధవారం: గెర్రెరో నెగ్రో

ఛార్జింగ్ ఆగిన వెంటనే చూసే వోల్టేజి నమ్మదగ్గది కాదు. కొన్ని గంటలు లోడు, ఛార్జింగు రెండూ లేకుండా వదిలేసి చూడాలి. రాత్రంతా అలాగే వదిలేశాం కాబట్టి పొద్దున్నే మెట్టు విప్పాం. సోలార్ కంట్రోలరు ఉన్నవాళ్లు ఇక్కడ జాగ్రత్త: ముందు ప్యానెల్ వైర్లు తీయాలి, తర్వాతే బ్యాటరీ వైర్లు. బ్యాటరీ లేకుండా ప్యానెల్ ఒక్కటే తగిలి ఉంటే కంట్రోలరు పాడవుతుంది.

చేతి ఉంగరాలు, గాజులు తీసేసి, ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ విప్పాం. రెండు బ్యాటరీలను కలిపే వైరు, అంటే జంపరు, కూడా తీసేసి ఒక్కోదాన్ని విడిగా మల్టీమీటర్‌తో చూశాను. ఒకటి 6.3. రెండోది 4.2.

లెడ్ యాసిడ్‌లో ఒక్కో సెల్ రెండు వోల్టుల పైచిలుకు ఇస్తుంది. ఆరు వోల్టుల బ్యాటరీలో మూడు సెల్స్. 4.2 అంటే రెండే పనిచేస్తున్నాయి, మూడోది షార్ట్ అయింది. ఇది తెలియని కన్వర్టర్ ఆరు సెల్స్‌కు సరిపోయే వోల్టేజిని ఐదింటి మీద రుద్దుతూ వచ్చింది. అందుకే ఉడికిపోయింది. రెండూ కలిపి కొలిస్తే 10.5 వస్తుంది, బ్యాటరీ డిశ్చార్జ్ అయిందనుకుని ఇంకా ఛార్జింగ్ పెడతాం. విడదీసి కొలవడం ఎంత అవసరమో అందులోనే ఉంది.

మామయ్యగారికి అంతటితో తృప్తి లేదు. గ్రావిటీ చూడాలన్నారు. ఊళ్లో ఆటో విడిభాగాల దుకాణంలో గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్, పక్క సూపర్ మార్కెట్లో డిస్టిల్డ్ వాటర్ దొరికాయి. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్న తెలుగువాళ్లందరికీ ఆ నీళ్ల డబ్బా తెలిసిందే. కళ్లద్దాలు, గ్లవుజులు వేసుకుని మూతలు తీశారు. ఐదు సెల్స్ 1.240, 1.260 మధ్యలో ఉన్నాయి. ఒక్కటి 1.120. సెల్స్ మధ్య తేడా 0.050 దాటితే ఆ సెల్ సంగతి అంతేనని ఆయన లెక్క. ఇక్కడ దానికి రెట్టింపు పైనే ఉంది. ఆ సెల్‌లో ద్రవం నల్లగా మడ్డిలా కనిపించింది. ఏళ్ల తరబడి ప్లేట్ల నుంచి రాలిన పదార్థం సెల్ అడుగున పేరుకుంటుంది. ఆ కుప్ప ప్లేట్ల అంచును తాకిన రోజున షార్ట్ అవుతుంది. గతుకుల రోడ్డు ఆ రోజును ఇంకా ముందుకు లాగుతుంది. బ్యాటరీ మీది తయారీ కోడ్‌లో అక్షరం నెలను, అంకె సంవత్సరాన్ని చెబుతాయి. ఏడేళ్లు నిండాయి. వయసు అయిపోయింది, అంతే.

పదకొండు గంటల పడవకు టికెట్లు ముందే తీసుకున్నాం కాబట్టి వైర్ల కొసలకు టేపు చుట్టి ఓహో దె లియెబ్రే లగూన్‌కు వెళ్లాం. గ్రే తిమింగలాలు ఆర్కిటిక్ నుంచి వేల కిలోమీటర్లు ఈది ఇక్కడికొచ్చి పిల్లల్ని కంటాయి. 1993 నుంచి ఇది యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. పుట్టినప్పుడే పిల్ల పొడవు నాలుగు మీటర్లకు పైనే. మా పడవ ఇంజిన్ ఆపగానే ఒక తల్లి పక్కకు వచ్చి నిలబడింది, దాని వీపు మీదుగా పిల్ల జారింది. తల్లి ఊపిరి వదిలినప్పుడు మా అందరి మొహాల మీద నీళ్లు పడ్డాయి. అత్తయ్యగారు రెండు చేతులూ జోడించారు. రాత్రి టెన్షన్ అంతా ఆ గంటలో పోయింది.

సాయంత్రం ఊళ్లో బ్యాటరీ దుకాణాలు తిరిగాం. ఎల్‌టీహెచ్ అనే బ్యాటరీ బ్రాండు బోర్డు మెక్సికోలో ప్రతి ఊళ్లోనూ కనిపిస్తుంది. కార్లకు, ట్రక్కులకు కావాల్సినవన్నీ ఉన్నాయి. మాకు కావాల్సిన, రోజూ బాగా వాడి మళ్లీ నింపుకునే ఆరు వోల్టుల 'డీప్ సైకిల్' రకం లేవు. ఒక దుకాణదారు ట్రక్కు బ్యాటరీ చూపించి ఇది పెట్టుకోండి, పనిచేస్తుందన్నాడు. కొన్ని రోజులు పనిచేస్తుంది, నిజమే. కానీ స్టార్టింగ్ బ్యాటరీలో ప్లేట్లు పలచగా, ఎక్కువగా ఉంటాయి. ఒక్కసారిగా పెద్ద కరెంటు ఇచ్చి వెంటనే నిండిపోవడానికి చేసినవి. రోజూ సగం దాకా దించి నింపే వాడకానికి అవి ఆగవు. డీప్ సైకిల్‌లో ప్లేట్లు మందంగా ఉండేది అందుకే. వద్దని వచ్చేశాం.

గురువారం: సాన్ ఇగ్నాసియో మీదుగా ములెహే

హౌస్ బ్యాటరీలు లేకుండానే బయలుదేరాం. మా బండిలో ఇంజిన్ నడుస్తున్నప్పుడు రిలే అనే ఆటోమేటిక్ స్విచ్చు పడి ఆల్టర్నేటర్ కరెంటు ఇంటి లైనుకు కూడా వస్తుంది, కాబట్టి దారిలో ఫ్రిజ్‌కు ఢోకా లేదు. రాత్రికి కరెంటున్న పార్కు దొరికితే కన్వర్టర్ ఒక్కటే లైట్లను నడపగలదు. అన్ని బండ్లలోనూ ఇలాగే ఉండదు, మీది ఎలా ఉందో ఇంటి దగ్గరే చూసుకోండి.

సాన్ ఇగ్నాసియోలో ఎడారి మధ్య ఉన్నట్టుండి వేల ఖర్జూరపు చెట్లు. 1728లో జెసూట్లు, అంటే కేథలిక్ మత ప్రచారకులు, మొదలుపెట్టిన మిషన్ (మత ప్రచార కేంద్రం) చర్చి గోడలు లావా రాతివి. చర్చి ముందు నీడలో పెరుగన్నం, ఆవకాయ తిని మళ్లీ బండెక్కాం.

త్రెస్ వీర్హెనెస్ అగ్నిపర్వతాల పక్క నుంచి వెళ్తుంటే, భూగర్భ వేడితో కరెంటు తీసే ప్లాంటు అక్కడ ఉందని మావారు చెప్పారు. దక్షిణ బాహాకు మెక్సికో ప్రధాన గ్రిడ్‌తో కలిపే లైన్లే లేవు. మామయ్యగారు ఆ ఒక్క విషయం మీద శాంటా రొసాలియా దాకా మాట్లాడారు: ఫ్రీక్వెన్సీ ఎలా నిలబెడతారు, పెద్ద మిషను ఒకటి ట్రిప్ అయితే ఎవరు ఆదుకుంటారు అని. శాంటా రొసాలియా వైపు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు కింది గేరులో పెట్టి, బ్రేకులు వేడెక్కకుండా జాగ్రత్తగా నడపాలి. శాంటా రొసాలియా 1880ల్లో ఫ్రెంచి రాగి కంపెనీ కట్టించిన ఊరు. చెక్క ఇళ్లు, ఇనుప రేకులతో కట్టిన శాంటా బార్బరా చర్చి. చర్చి ఐఫెల్ టవర్ పేరున్న ఆ ఐఫెల్ డిజైనే అని ఊరి నమ్మకం.

ములెహేలో నది పక్కన కరెంటున్న పార్కులో ఆగాం. అక్కడ చేయాల్సిన ముఖ్యమైన పని ఒకటుంది. కొత్త బ్యాటరీలు పెట్టేముందు ఛార్జింగ్ వైపు తప్పేమైనా ఉందేమో చూడాలి. లేకపోతే కొత్తవీ అలాగే పోతాయి. బ్యాటరీ వైర్ల కొసల దగ్గర కన్వర్టర్ వోల్టేజి 13.6. ఇంజిన్ నడుస్తుంటే 14.2. రెండూ మంచివే. మెట్టు కింది ఎర్త్ బోల్టు తుప్పు పట్టి ఉంది. విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ బిగించాం.

రాత్రి భోజనాల దగ్గర లిథియం చర్చ వచ్చింది. మావారికి ఎప్పటి నుంచో ఆ కోరిక. బరువు సగం కంటే తక్కువ, సామర్థ్యమంతా దాదాపుగా వాడుకోవచ్చు, నీళ్లు పోసే పని లేదు. లాస్ ఏంజెలెస్ నుంచి లోరెతోకు విమానాలున్నాయి, స్నేహితుడు తేగలడేమోనని అడిగారు. కుదరదు. విమానంలో ప్రయాణికులు తీసుకెళ్లగల లిథియం బ్యాటరీకి పరిమితి, అదీ ఎయిర్‌లైన్ అనుమతితో, 160 వాట్ అవర్లు. 12 వోల్టుల, వంద యాంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ 1,200 దాటుతుంది. పైగా మా పాత కన్వర్టర్ ఛార్జింగ్ తీరు దానికి సరిపోదు. ఆల్టర్నేటర్‌కు, బ్యాటరీకి మధ్యలో డీసీ-డీసీ ఛార్జరు పెట్టకపోతే ఆల్టర్నేటర్ వేడెక్కిపోతుంది. ఆ మార్పులు ఇంటి దగ్గర తీరిగ్గా చేసుకోవాల్సినవి. పరాయి దేశంలో, దారి మధ్యలో, ఉన్నదాన్ని అదే రకంతో మార్చుకోవడమే మంచిదని నా అభిప్రాయం. మామయ్యగారు నా వైపు. మావారు కాసేపు వాదించి ఒప్పుకున్నారు.

శుక్రవారం: కొన్సెప్సియోన్ తీరం, లోరెతో

ములెహే దాటగానే బాహియా కొన్సెప్సియోన్. కొండలు నేరుగా నీళ్లలోకి దిగుతాయి, మధ్యలో తెల్లటి ఇసుక తీరాలు: సాంటిస్పాక్, ఎల్ కొయోతె, రెకెసోన్. నీళ్లకు ఆనుకునే బండి పెట్టుకోవచ్చు. కరెంటు కనెక్షన్లు ఉండవు. మేం అక్కడే నాలుగు రాత్రులు ఉండాలనుకుని వచ్చాం. ఇప్పుడు పొద్దున్నే ఆగి, మధ్యాహ్నానికి కదలాల్సిన పరిస్థితి.

అయినా అక్కడ ఆగడమే మంచిదైంది. ప్రతి చలికాలం సాంటిస్పాక్‌కు వచ్చే ఒక కెనడా పెద్దాయన మా మాట విని ఒక ప్రశ్న వేశాడు: ఇలాంటి బ్యాటరీలు ఇక్కడ ఇంకెవరు వాడతారు? మేం ఆర్వీ సామాన్ల కోసం వెతుకుతున్నాం, ఆర్వీ దుకాణాలు బాహాలో దాదాపు లేవు. కానీ మావి గోల్ఫ్ కార్టు బ్యాటరీలు. లోరెతో పక్కన నొపొలోలో గోల్ఫ్ మైదానం ఉంది, అక్కడి వీధుల్లో జనం గోల్ఫ్ కార్టుల్లోనే తిరుగుతారు. వాటిని బాగుచేసేవాడు ఉండి తీరాలి. పడవలవాళ్లను, సోలార్ పెట్టేవాళ్లను కూడా అడగవచ్చు. ఆ ప్రశ్నతో మా వెతుకులాట దారిలో పడింది.

1697లో బాహాతో కలిపి కాలిఫోర్నియాలన్నింటిలో మొదటి శాశ్వత మిషన్ వెలసిన ఊరు లోరెతో. ఆ చర్చి ముందు చెట్ల నీడలో కాసేపు నడిచి, నొపొలో వెళ్లాం. నాలుగో మనిషిని అడిగేసరికి మెకానిక్ షెడ్డు దొరికింది. మనిషి నెమ్మది. ముందు మా బాగున్న బ్యాటరీకి లోడ్ టెస్టర్ తగిలించాడు. 6.3 చూపించినది లోడు పడగానే దిగజారిపోయింది. అంటే రెండోది కూడా పైకి మాత్రమే బాగుంది. పాడైనది ఒక్కటే మార్చి సర్దుకుందామా అన్న ఆలోచన అక్కడితో పోయింది. సిరీస్‌లో పాత, కొత్త కలిపితే పాతది ముందు అడుగంటుతుంది, కొత్తదాన్ని కూడా తనతోపాటు లాగుతుంది.

ఆయన దగ్గర కొత్తవి అయిపోయాయి. వాడిన జత ఒకటి ఉంది, కానీ అమ్మడానికి ఆయనే ఇష్టపడలేదు. లా పాస్‌లో తనకు సరుకు ఇచ్చే దుకాణానికి ఫోన్ చేసి, ఒక జత పక్కన పెట్టించాడు. శనివారం త్వరగా మూసేస్తారు, ఆలోపు వెళ్లమన్నాడు. తయారీ కోడ్ చూసుకుని ఆరు నెలల లోపువే తీసుకోమన్నాడు. టెస్టు చేసినందుకు డబ్బులిస్తే తీసుకోలేదు. అత్తయ్యగారు ఇంటి నుంచి తెచ్చిన కజ్జికాయలు ఇచ్చారు, సంతోషంగా తీసుకున్నాడు.

శనివారం: లా పాస్

తెల్లారగానే బయలుదేరాం. సుమారు 350 కిలోమీటర్లు. హిగాంతా కొండలెక్కి దిగాక రోడ్డు గీత గీసినట్టు సాగుతుంది. సియుదాద్ కొన్స్‌తితుసియోన్ చుట్టూ బోర్ల కింద సాగయ్యే పొలాలు, వాటిలో శనగ కూడా వేస్తారు. ఎక్కడా ఆగలేదు.

మధ్యాహ్నానికి లా పాస్‌లో దుకాణం ముందున్నాం. జత సిద్ధంగా ఉంది. ఆరు వోల్టులు, 225 యాంపియర్ అవర్లు, తయారై మూడు నెలలు. గోల్ఫ్ కార్టు బ్యాటరీ కొలతలు ఎక్కడైనా ఒకటే కాబట్టి మెట్టు కింద బ్యాటరీలుండే అరకు సరిగ్గా సరిపోయింది. మామయ్యగారు అక్కడే రెండింటికీ వోల్టేజి, ఆరు సెల్స్‌కూ గ్రావిటీ చూసి కాగితం మీద రాసుకున్నారు. దుకాణంవాళ్లు ఓపిగ్గా నిలబడ్డారు. మెక్సికోలో పాత బ్యాటరీ ఇస్తే ధరలో తగ్గిస్తారు. సీసం మళ్లీ వాడకానికి వెళ్తుంది, మనకూ మోత తప్పుతుంది. అమెరికాలో అయ్యేదానికంటే ఖర్చు ఎక్కువే అయింది. గ్యారంటీ కాగితం మీద ముద్ర వేయించుకున్నాం, అది మెక్సికోలోనే చెల్లుతుంది.

దుకాణం ముందు నీడలో బిగించుకున్నాం. ఒక్కోటి ఇరవై ఎనిమిది కిలోల దాకా ఉంటుంది, మెట్టు కింద ఇరుకులోకి దించడానికి ఇద్దరు కావాలి. ముందు ఆ అరను వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి ఆరబెట్టాం. కారిన యాసిడ్ అక్కడక్కడ నురుగు కక్కింది. ఒక బ్యాటరీ నెగటివ్ నుంచి రెండోదాని పాజిటివ్‌కు జంపరు, మిగిలిన పాజిటివ్ బండికి, చివరగా నెగటివ్. విప్పేముందు తీసిన ఫోటో పక్కన పెట్టుకుని ఒక్కో వైరూ పోల్చి చూశాను. ఇక్కడ ప్లస్, మైనస్ తారుమారైతే కన్వర్టర్‌లోని ఫ్యూజులు వెంటనే ఎగిరిపోతాయి. అవి అలా ఎగరడానికే పెట్టారు, కానీ శనివారం సాయంత్రం వాటిని వెతకడం ఎవరికి కావాలి! చివర్లో సోలార్ ప్యానెల్ వైర్లు తగిలించాం. లోపలి మీటర్ మీద 12.6 వచ్చింది. ఫ్రిజ్ ఎర్రర్ పోయింది.

ఆ రాత్రి కరెంటున్న పార్కులోనే ఉండి పూర్తిగా నింపాం. గంటకోసారి మెట్టు మీద చెయ్యి పెట్టి చూశాం. చల్లగానే ఉంది. గ్యాస్ అలారం ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

ఆదివారం, సోమవారం: తెకొలోతె బీచ్

ఊరికి ఉత్తరాన తెకొలోతె. ఎదురుగా ఎస్పిరితు సాంతో ద్వీపం కనిపిస్తుంది, ఒడ్డున ఊరికే బండి పెట్టుకోవచ్చు. అసలు పరీక్షకు సరైన చోటు. సాయంత్రం ఆరింటికి 12.7. లైట్లు, నీళ్ల పంపు, ఫ్యాను, ఫోన్ల ఛార్జింగ్ అన్నీ మామూలుగా వాడాం. అవసరం లేకపోయినా హీటరు కూడా రెండు గంటలు నడిపాం, కటవీన్యా లోడు రావాలని. పొద్దున్న సూర్యుడు ప్యానెల్ మీద పడకముందు, అన్నీ ఆపి అరగంట వదిలేసి చూస్తే 12.5. సగానికి చాలా పైనే ఉంది. సగం అంటే ఇంచుమించు 12.1, అక్కడికి రాకముందే ఛార్జింగ్ పెట్టాలి. మధ్యాహ్నానికి ఎండే వాటిని నింపేసింది.

మామయ్యగారు ఒక నోటుపుస్తకంలో ఆరు సెల్స్‌కూ గడులు గీసి, మొదటి వరసలో లా పాస్‌లో చూసిన అంకెలు రాసి నా చేతికిచ్చారు. నెలకోసారి నీళ్లు, మూడు నెలలకోసారి గ్రావిటీ. నీళ్లు ఎప్పుడూ ఛార్జ్ అయ్యాకే పోయాలి, ముందు పోస్తే ఛార్జింగ్‌లో పొంగి బయటికొస్తాయి. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత పోసి, తర్వాత ఛార్జ్ చేయాలి. హైడ్రోమీటర్ ఇప్పుడు మెట్టు పక్క అరలో, మల్టీమీటర్‌తో కలిపి ఉంటుంది.

రేపు వెనక్కి ఉత్తరానికి బయలుదేరతాం. దారిలో నొపొలోలో ఆగి ఆ మెకానిక్‌కు రీడింగులు చూపిస్తాం, అడిగాడు మరి. ఆ తర్వాత సాంటిస్పాక్‌లో నాలుగు రాత్రులు.